టైముకొచ్చారు, నొప్పి లేకుండా తీశారు, రిపోర్టే తేడా కొట్టింది: థైరాయిడ్ హోమ్ కలెక్షన్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ల్యాబ్ పేరు రాయను. భీమవరంలో ఉన్న ల్యాబుల్లో ఒకటి, చుట్టుపక్కల ఊళ్లకి పొద్దున్నే కుర్రాళ్లని బండి మీద పంపి రక్తం తీయించుకుంటుంది, అంతవరకు చాలు. పేరెందుకు రాయట్లేదంటే జరిగిన దాంట్లో సగం తప్పు మాది. మిగతా సగం కూడా వాళ్లొక్కళ్లదే అనలేను, చాలా ల్యాబుల్లో జరగడానికి వీలున్నదే. రేటింగ్ ఐదుకి మూడున్నర. రెండు వారాల క్రితం అడిగుంటే ఒకటి ఇచ్చేవాణ్ని, అదీ ఆ రక్తం తీసిన కుర్రాడి మొహం చూసి.

మా అమ్మకి అరవై ఒకటి. థైరాయిడ్ తక్కువని తొమ్మిదేళ్లుగా రోజూ పరగడుపున 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటోంది. ఆరు నెలలకోసారి టెస్టు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చేయించే హార్మోన్) రెండు, రెండున్నర దగ్గర ఆడుతూ ఉంటుంది, ఎప్పుడూ గొడవ లేదు. ఇన్నాళ్లూ నేనే కారులో తీసుకెళ్లేవాణ్ని. ఈసారి రొయ్యల చెరువులో పట్టుబడి దగ్గరకొచ్చింది, గట్టు వదిలి కదిలే పరిస్థితి లేదు, సరే ఇంటికే రమ్మందామని ఫోన్ చేశా. మాది వనామీ చెరువు. తెల్లారకుండా డీఓ, అంటే నీళ్లలో కరిగున్న ఆక్సిజన్, చూసుకోవడం, వారానికోసారి నీళ్లు సీసాలో పట్టుకెళ్లి పీహెచ్, అమ్మోనియా చూపించుకోవడం అలవాటైన ప్రాణం. అంకె కాస్త అటూ ఇటూ అయితే ఏరియేటర్లన్నీ వేసేసి గట్టు మీదే కూర్చునే రకం. కాగితం మీద ఎర్ర అక్షరం కనబడితే నాకు అన్నం సహించదు. ఇది ఎందుకు చెబుతున్నానో తర్వాత అర్థమవుతుంది.

బుకింగ్ సుఖంగానే అయింది. వాట్సాప్‌లో పేరు, వయసు, లొకేషన్ పెట్టమన్నారు, ఆరు నుంచి ఏడు మధ్య వస్తారన్నారు. ఫోన్ ఎత్తిన అమ్మాయి మాత్రం థైరాయిడ్ ఒక్కటే కాదండి, డెబ్భై టెస్టుల ఫుల్ బాడీ ప్యాకేజీ ఆఫర్‌లో ఉందండి అని మూడుసార్లు అడిగింది. వద్దమ్మా అంటే వదిలితే బావుండును. మొత్తానికి ఆరూ ఇరవైకి గేటు దగ్గర హారన్. పాతికేళ్లు కూడా లేని కుర్రాడు, బండి వెనక ఐస్ బాక్సు, చేతులకి కొత్త గ్లౌజులు మా ముందే కవర్ చింపి వేసుకున్నాడు. అమ్మ పేరు, వయసు మళ్లీ అమ్మ నోటితోనే చెప్పించుకుని ట్యూబు మీద మా ఎదురుగానే రాశాడు. ఇది చాలామంది చెయ్యరు, ముందే రాసుకొచ్చి అంటిస్తారు, అక్కడే రక్తాలు తారుమారవుతాయి. అమ్మ నరం దొరకదు, ఎప్పుడూ రెండు మూడు పోట్లు తప్పవు, ఈ అబ్బాయి ఒక్క పోటుతో తీసేశాడు. దీనికి ఒక స్టార్ పూర్తిగా అతనికే.

ఇంకో మంచి పని కూడా చేశాడు. సూది పట్టుకునే ముందు "అమ్మగారూ, థైరాయిడ్ మాత్ర వేసుకోలేదు కదండీ?" అన్నాడు. వేసుకున్నాక కొన్ని గంటల పాటు రక్తంలో ఫ్రీ టీ4 (వదులుగా తిరిగే థైరాయిడ్ హార్మోన్) కాస్త పైకెక్కి ఉంటుంది, అందుకని రక్తం ఇచ్చాకే వేసుకోమంటారు. "ఆయ్, వేసుకోలేదు నాయనా, నువ్వెళ్లాక వేసుకుంటా" అంది అమ్మ. అబద్ధం కాదు. థైరాయిడ్ మాత్ర వేసుకోలేదు. వేసుకున్నదేమిటో అతను అడగలేదు, అమ్మ చెప్పలేదు, పక్కనే కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ నాకు తెలియదు.

సాయంత్రం ఐదింటికి ఫోన్‌కి పీడీఎఫ్ వచ్చింది. స్పీడుకి పేరు పెట్టక్కర్లేదు. తెరిస్తే టీఎస్‌హెచ్ 0.06, పక్కన ఎర్రగా ఎల్. ఫ్రీ టీ4 దాని పరిధి 1.7 దాకా అయితే 3.9, ఎర్రగా హెచ్. ఫ్రీ టీ3 కూడా హెచ్. కింద ఒక డబ్బాలో కంప్యూటర్ రాసిన వ్యాఖ్య, హైపర్ థైరాయిడ్‌కి సరిపోతోంది, డాక్టర్‌ని కలవండి అని. తక్కువని తొమ్మిదేళ్లు మాత్ర మింగిన మనిషికి ఇప్పుడు ఎక్కువంటోంది. ఊళ్లో ఎప్పుడూ చూపించుకునే డాక్టరుగారికి ఫొటో పంపిస్తే, ఆయన మనిషిని చూడకుండానే 75 తీసేసి 25 వేయండి, నెల తర్వాత చూద్దాం అని వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆయన్ని కూడా ఏమనలేను, కాగితం అలాగే ఉంది.

అమ్మ ఒప్పుకోలేదు. "ఒరేయ్, ఎక్కువైతే గుండె దడ, చేతులు వణకడం, చెమటలు పట్టడం ఉంటాయంటారు కదా, నాకేమున్నాయిరా? బావిగట్టు దగ్గర నడుం పట్టేసి కూర్చున్నా, అది తప్ప ఏం లేదు" అంది. నాడి పట్టుకుని చూశా, 70. బరువు తగ్గడం మాట అటుంచండి, ఈ సంక్రాంతికి ఒక కేజీ పెరిగింది కూడా. కానీ కాగితం చూస్తే ఒణుకు నాకే వస్తోంది. ల్యాబుకి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి "మెషిన్ తప్పు చెప్పదండి" అంది. ఈ ఒక్క మాటకే ఒక స్టార్ పీకేశా. చెరువు నీళ్ల టెస్టు కిట్లు ఎన్నిసార్లు నన్ను ముంచాయో ఆ అమ్మాయికి తెలియదు.

మర్నాడు కాలవ గట్టు మీదుగా ల్యాబుకి వెళ్లా, పోట్లాడదామనే. లోపల రిపోర్టుల మీద సంతకం పెట్టే డాక్టరమ్మ ఉన్నారు, యాభై ఏళ్లుంటాయి, కళ్లజోడు తలమీద పెట్టుకుని దానికోసమే బల్లంతా వెతుకుతున్నారు. కాగితం ఇచ్చా. నేను చెప్పేది సగంలో ఉండగానే ఆవిడ "మీ అమ్మగారు జుట్టు రాలిపోతోందని ఏమైనా వాడుతున్నారాండీ?" అని అడిగారు. నాకు తెలీదన్నా. కనుక్కోండన్నారు. అక్కడి నుంచే అమ్మకి ఫోన్ చేశా.

"మీ అక్క పంపింది కదరా, జుట్టు బిళ్లలు. రోజూ పొద్దున్నే లేవగానే ఒకటి. నిన్న కూడా ఐదింటికి వేసుకున్నా. అది మందు కాదుగా, విటమినేగా" అంది.

అక్క అమెరికా నుంచి ఎవరితోనో పంపిన డబ్బా అది. బయోటిన్ అనే విటమిన్, 10,000 ఎంసీజీ, అంటే మైక్రోగ్రాములు. మనిషికి రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. అంటే మూడొందల రెట్లకు పైనే. అది వేసుకున్న గంటా ఇరవై నిమిషాలకి, అంటే రక్తంలో బాగా ఎక్కి ఉండే టైములో, ఆ కుర్రాడు సూది గుచ్చాడు. టెస్టుకి ఇంతకంటే చెడ్డ ముహూర్తం కావాలని వెతికినా దొరకదు.

ఇక్కణ్ణుంచి ఆవిడ బిల్లు వెనక్కి తిప్పి పెన్నుతో గీస్తూ చెప్పిందంతా నాకు అర్థమైనట్టు రాస్తున్నా. ఈ రివ్యూలో నిజంగా డబ్బులకి తగ్గదేమైనా ఉందంటే ఆ అరగంటే, దానికి వాళ్లు ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

హార్మోన్ అంటే రక్తంలో తిరిగే కబురు. ఆ కబురు అందుకునే చోటుని రిసెప్టర్ అంటారు. పుస్తకాల్లో తాళం, తాళంచెవి అని చెబుతారు గానీ నాకది ఎక్కలేదు, తాళంచెవి తిప్పేవాడు ఎవడో ఉండాలి కదా. నర్సాపురం రేవులో సఖినేటిపల్లి పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కినవాళ్లకి ఇది తేలిక. పంటు వచ్చి రేవుకి ఆనుకుంటుంది, కాసేపు కట్టి ఉంటుంది, మోటారుసైకిళ్లు, గంపలు, మనుషులు దిగుతారు, మళ్లీ విప్పుకుని పోతుంది. హార్మోన్ కూడా అంతే, వచ్చి రిసెప్టర్‌కి ఆనుకుంటుంది, కాసేపుంటుంది, ఊడిపోతుంది. తేడా ఎక్కడంటే ఇక్కడ తాడు కట్టేవాడూ లేడు, విప్పేవాడూ లేడు. ఆ పట్టు మామూలుగా బలహీనమైన చిన్న చిన్న ఆకర్షణల కట్ట, శరీరం వేడికి అణువులు ఎప్పుడూ ఊగుతూనే ఉంటాయి, ఆ ఊగుడుకే ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. ఊడగానే రేవు ఖాళీ అవుతుంది, నదిలో ఇంకో పడవ ఉంటే వచ్చి ఆనుకుంటుంది, లేకపోతే రేవు ఖాళీగానే ఉంటుంది.

కాబట్టి ఏ క్షణంలో చూసినా ఎన్ని రేవులు నిండి ఉన్నాయన్నది రెండు సంగతుల మీద ఉంటుంది, నదిలో ఎన్ని పడవలు తిరుగుతున్నాయి, కట్టినవి ఎంత తొందరగా ఊడుతున్నాయి. సగం రేవులు నిండటానికి నదిలో ఎన్ని పడవలుండాలో అదే ఆ రిసెప్టర్ పట్టుకి కొలతట. కొద్ది పడవలకే సగం నిండితే పట్టు గట్టిది. ఇక ఆ తర్వాత ఎన్ని పడవలు దింపినా రేవులు అన్నే కదా, అందుకని మోతాదు రెండింతలు చేస్తే పని రెండింతలవ్వదు. చెరువులో మేత సంగతి గుర్తొచ్చింది నాకు. చెక్ ట్రేలో మిగిలిపోతుంటే ఇంకా చల్లినా రొయ్య తినదు, నీళ్లు పాడవుతాయంతే.

ఊడటమనేది లోపం కాదు, అదే అసలు పని అన్నారావిడ. ఊడకపోతే ఒకసారి వచ్చిన కబురు జన్మంతా మోగుతూనే ఉంటుంది, ఆపడం కుదరదు. మా నాన్న ఇన్సులిన్ మీద ఉన్నారని చెబితే దాని సంగతీ చెప్పారు. ఒంట్లో పుట్టే ఇన్సులిన్ రక్తంలోకి వచ్చాక ఐదారు నిమిషాల్లో సగం అయిపోతుంది. కణం పైనున్న రిసెప్టర్‌ని పట్టుకున్నాక చాలాసార్లు రెండిటినీ కలిపి కణం లోపలికి లాగేసుకుంటుంది, లోపల చిన్న సంచిలో పులుపు పెరుగుతుంది, ఆ పులుపుకి పట్టు వదిలిపోతుంది. ఇన్సులిన్‌ని ముక్కలు చేసేసి రిసెప్టర్‌ని మళ్లీ పైకి పంపిస్తుంది. గంపలు దించేసి ఖాళీ పంటు తిరిగొచ్చినట్టు కాదు, ఇక్కడ పంటుని విరిచేసి రేవునే మళ్లీ తెచ్చి పెడుతున్నారు. ఇన్సులిన్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే కణం పైనున్న రిసెప్టర్లని కూడా తగ్గించేసుకుంటుందట. వినీ వినీ చెవులు మూసుకున్నట్టు. మా ఇంట్లో నేను అదే చేస్తా.

థైరాయిడ్‌ది ఇంకో రకం. మనం మింగే మాత్ర టీ4. దాంట్లో నాలుగు అయోడిన్లుంటాయి, కణాలు వాటిలో ఒకదాన్ని ఊడగొట్టి టీ3 చేసుకుంటాయి. దీని రిసెప్టర్ కణం బయట ఉండదు, న్యూక్లియస్‌లో డీఎన్ఏ మీద ముందే వచ్చి కూర్చుని ఉంటుంది. టీ4 కన్నా టీ3ని పది రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. టీ3 లేనప్పుడు అది ఊరికే కూర్చోదు, చాలా జీన్ల దగ్గర వాటిని నొక్కి పెట్టే ప్రోటీన్లని వెంటేసుకుని ఉంటుంది. టీ3 లోపల దూరగానే రిసెప్టర్ చివర ఉన్న మడత జరుగుతుంది, ఆ నొక్కిపెట్టేవి ఊడిపోయి, పని చేయించేవి వచ్చి తగులుకుంటాయి, జీన్ మొదలవుతుంది. ఆ తర్వాత టీ3 ఊడిపోయినా అప్పటికే తయారైన ప్రోటీన్లు ఉంటాయి కాబట్టి పని కొన్నాళ్లు సాగుతుంది. పైగా రక్తంలో టీ4 సగం తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది. ఒక్కరోజు మాత్ర మరిచిపోతే మునిగిపోయేదేం లేదన్నా, డోసు మార్చాక ఆరు వారాలాగి టెస్టు చేయించుకోమన్నా కారణం ఇదే. అమ్మ శివరాత్రికి మాత్ర మర్చిపోయి పాపం మూడు రోజులు బాధపడింది, ముందే తెలిస్తే చెప్పేవాణ్ని.

ఇంకొకటి చెప్పారు, కొనేవాళ్లకి పనికొస్తుంది కాబట్టి రాస్తున్నా. రక్తంలో ఉన్న టీ4లో నూటికి 99.9 పైగా ప్రోటీన్లకి అతుక్కుని ఉంటుంది, గోడౌన్‌లో సరుకులాగ. వదులుగా తిరిగే ఆ చిటికెడే రిసెప్టర్ దాకా వెళ్లగలదు. చవగ్గా దొరికే థైరాయిడ్ ప్రొఫైల్‌లో కొలిచేది గోడౌన్ సరుకుతో కలిపి మొత్తం. గర్భిణులకి ఆ పట్టుకునే ప్రోటీనే పెరుగుతుంది, మొత్తం ఎక్కువ కనబడుతుంది, మనిషికి ఏమీ ఉండదు. ఫ్రీ అని రాసిన టెస్టు వదులుగా ఉన్నదాన్ని చూస్తుంది. మాత్ర మీద ఉండి అంతా నిలకడగా ఉన్నవాళ్లకి చాలాసార్లు టీఎస్‌హెచ్ ఒక్కటే చాలు. ఫోన్‌లో డెబ్భై టెస్టులు అంటగట్టే అమ్మాయి ఈ ముక్క చెప్పదు, లోపల కూర్చున్నావిడ చెప్పింది, ఒకే ల్యాబ్ మరి.

టీఎస్‌హెచ్ అంటే మెదడు కింద పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ని పిలిచే కేక. హార్మోన్ చాలినంత ఉంటే కేక తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది. ఇది థైరాయిడ్ కణం బయటే రిసెప్టర్‌కి ఆనుకుంటుంది, లోపలికి వెళ్లదు. బయట ఆనుకుంటే లోపల ఏటీపీలోంచి (కణానికి శక్తినిచ్చే పదార్థం అది) సైక్లిక్ ఏఎంపీ అనేది తయారై కబురు లోపలికి మోస్తుంది. ఈ రెండో కబురు సంగతి కనిపెట్టినందుకు సదర్లాండ్ అనే ఆయనకి 1971లో నోబెల్ వచ్చింది. ఆ ఏటీపీని కండరాల్లోంచి పట్టుకుని 1929లో ప్రకటించినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు, ఫిస్కే అనే ఆయనతో కలిసి. ఆవిడ ఈ మాట చెబుతున్నప్పుడు గొంతు కాస్త పెంచారు, రిసెప్షన్ దాకా వినపడింది. బావుంది.

ఇంతకీ అమ్మ రిపోర్టు ఎందుకు తిరగబడింది? మెషిన్‌లో కూడా పట్టుకోవడమే జరుగుతుంది గానీ, అది ఒంట్లో పట్టులాంటిది కాదు. గుడ్డు తెల్లసొనలో అవిడిన్ అని ఒక ప్రోటీన్ ఉంటుంది, దానికి బయోటిన్ కనబడితే ఇక వదలదు. నేల మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా కూడా ఇలాంటి ప్రోటీనే తయారుచేస్తుంది, ఆ ప్రోటీన్ పేరు స్ట్రెప్టావిడిన్. బయోటిన్‌ని అది పట్టుకునే పట్టు ప్రకృతిలో తెలిసిన గట్టి పట్టుల్లో ఒకటి, రసాయన బంధం కాకపోయినా దాదాపు ఊడదు. ఒంట్లో ఇలాంటి పట్టు హార్మోన్‌కి ఉంటే చచ్చిపోతాం. మెషిన్‌కి మాత్రం ఇదే కావాలి, కడిగినా పోకూడదు కదా. అందుకని చాలా కంపెనీల మెషిన్లలో అయస్కాంతపు పూసలకి స్ట్రెప్టావిడిన్ పూస్తారు.

టీఎస్‌హెచ్ కొలిచేటప్పుడు రెండు యాంటీబాడీలు వేస్తారు. ఒకదానికి బయోటిన్ తోక, ఇంకోదానికి వెలుగిచ్చే గుర్తు. రెండూ చెరో పక్కనుంచి టీఎస్‌హెచ్‌ని పట్టుకుంటాయి. బయోటిన్ తోక వెళ్లి పూసకి అతుక్కుంటుంది, మిగిలిందంతా కడిగేస్తారు, పూస మీద మిగిలిన వెలుగు చూస్తారు. వెలుగు ఎక్కువుంటే టీఎస్‌హెచ్ ఎక్కువ. ఇప్పుడు అమ్మ రక్తంలో విడిగా తిరుగుతున్న బయోటిన్ బోలెడు. అవన్నీ ముందే వెళ్లి పూసల మీద సీట్లు ఆక్రమించేశాయి. పుష్కరాలప్పుడు రైలెక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు, టికెట్టున్నవాడు ప్లాట్‌ఫాం మీద, తువ్వాలు వేసినవాడు సీట్లో. టీఎస్‌హెచ్‌ని పట్టుకున్న జతలు కూర్చోవడానికి చోటులేక కడుగులో కొట్టుకుపోయాయి. వెలుగు తగ్గింది. మెషిన్ టీఎస్‌హెచ్ తక్కువని రాసింది.

ఫ్రీ టీ4 కొలిచే పద్ధతి తిరగేసి ఉంటుంది. అక్కడ మన రక్తంలో టీ4కి, వాళ్లు వేసే బయోటిన్ తోక తగిలించిన టీ4కి వెలుగిచ్చే గుర్తున్న యాంటీబాడీ కోసం పోటీ పెడతారు. మనది ఎక్కువుంటే వాళ్లది తక్కువ అతుక్కుంటుంది, వెలుగు తగ్గుతుంది. అంటే ఇక్కడ వెలుగు తగ్గితే హార్మోన్ ఎక్కువని లెక్క. అదే బయోటిన్ పూసల్ని నింపేస్తే ఇక్కడా వెలుగు తగ్గింది, మెషిన్ ఎక్కువని రాసింది. ఒకటి తక్కువ, రెండోది ఎక్కువ, రెండూ కలిపి చూస్తే అచ్చం థైరాయిడ్ ఎక్కువైన మనిషి. విడివిడిగా తప్పులైతే ఎవరికైనా అనుమానం వచ్చేది, రెండు అబద్ధాలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటుంటే ఎవరు పట్టుకుంటారు? పోటీ పెట్టి కొలిచే ఈ ఆలోచన పాతదే, రోజలిన్ యాలో, బెర్సన్ అని ఇద్దరు ఇన్సులిన్ కొలవడానికి మొదలెట్టారు, 1977లో యాలోకి నోబెల్ కూడా వచ్చింది, అప్పటికి బెర్సన్ లేరు. వాళ్లు వాడింది రేడియోధార్మిక గుర్తులు, ఈ పూసలూ బయోటినూ తర్వాత వచ్చినవే.

అంటే అమ్మ ఒంట్లో రిసెప్టర్లన్నీ వాటి పని అవి చేసుకుంటున్నాయి, ఆనుకుంటున్నాయి, ఊడుతున్నాయి, నాడి 70 కొడుతోంది. ఇరుక్కుపోయింది భీమవరంలో మెషిన్. మేము మెషిన్‌కి మందు వెయ్యకుండా అమ్మకి మందు తగ్గించబోయాం.

ఇది ఆవిడ కొత్తగా కనిపెట్టిందేం కాదు. అమెరికాలో మందుల్ని, టెస్టుల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2017 నవంబర్‌లోనే హెచ్చరిక ఇచ్చింది, 2019లో మళ్లీ ఇచ్చింది. థైరాయిడ్ ఒక్కటే కాదు, గుండెపోటు వచ్చిందా లేదా చూసే ట్రోపోనిన్ టెస్టు కూడా కొన్ని మెషిన్లలో ఇలాగే తక్కువ చూపించొచ్చు, ఒక మరణం సంగతి కూడా ఆ హెచ్చరికలో ఉంది. ఇది విన్నాక నాకు థైరాయిడ్ చిన్నదనిపించింది. కొన్ని కంపెనీలు బయోటిన్‌కి లొంగకుండా కెమికల్స్ మార్చాయి, కొన్ని పద్ధతుల్లో అసలు బయోటిన్ వాడరు, కాబట్టి అన్నిచోట్లా ఇలా అవ్వదు. గుడ్లలో, వేరుశనగల్లో ఉండే బయోటిన్‌తో ఏ ఇబ్బందీ లేదు. జుట్టు, గోళ్లు అని అమ్మే పెద్ద మోతాదు బిళ్లలతోనే.

అయితే నా గొడవ ఇక్కడే. 2017 నుంచి తెలిసిన సంగతి వాళ్ల బుకింగ్ ఫారంలో ఎందుకు లేదు? ఫారంలో షుగర్ ఉందా, బీపీ ఉందా, పరగడుపా అని అడుగుతారు, చివరికి మా గురించి ఎలా తెలిసింది అని కూడా అడుగుతారు. జుట్టుకి బిళ్లలేమైనా వాడుతున్నారా అన్న ఒక్క ముక్కకి చోటు లేదు. అది కూడా ఈ మాటల్లోనే అడగాలి. "సప్లిమెంట్లు వాడుతున్నారా" అంటే అమ్మ లేదనే చెబుతుంది, "మందులేమైనా" అంటే థైరాయిడ్ మాత్ర చెబుతుంది. జుట్టు బిళ్ల అంటేనే జుట్టు బిళ్ల గుర్తొస్తుంది. ఇదే మాట ఆవిడతో అంటే, మేనేజ్‌మెంట్‌కి రెండుసార్లు రాశానండి అని ఊరుకున్నారు. సరే ఆవిడ చేతిలో లేదు. కానీ రిపోర్టు కింద కంప్యూటర్ రాసే ఆ డబ్బాలో, మనిషికి లక్షణాలు లేకపోతే బయోటిన్ సంగతి కనుక్కోండి అని ఒక వాక్యం చేరిస్తే ఏం పోతుంది? డోసు తగ్గించేసి ఉంటే కొన్ని వారాలకి అమ్మకి నీరసం మొదలయ్యేది.

రెండో టెస్టుకి బిళ్లలు కనీసం రెండు రోజులు ఆపమని చెబుతారట, మోతాదు పెద్దది కాబట్టి మాకు ఐదు రోజులు ఆగమన్నారు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి ఇంకా ఎక్కువ రోజులు పట్టొచ్చు, బయోటిన్ పోయేది మూత్రంలోనే కదా. ఐదు రోజుల తర్వాత అదే కుర్రాడు, ఆరూ పదిహేనుకి. ఈసారి టీఎస్‌హెచ్ 2.3, ఫ్రీ టీ4 1.3. నల్ల అక్షరాలు. టెస్టు డబ్బులు తీసుకోలేదు, మంచిదే, కానీ ఇంటికొచ్చినందుకు వంద రూపాయలు మళ్లీ తీసుకున్నారు. వంద పెద్ద లెక్క కాదు, తప్పు రిపోర్టు ఇచ్చి రానుపోను ఖర్చు మా దగ్గర తీసుకోవడం మాత్రం మా వైపు మర్యాద కాదు. అర స్టార్ అక్కడ పోయింది.

లెక్క చూసుకుంటే మిగిలిన మూడున్నరలో ఒకటి కుర్రాడిది, రెండు డాక్టరమ్మవి, అర స్పీడుకి. థైరాయిడ్ కోసం ఎవరైనా పిలుస్తానంటే పిలవండి, పనితనం బావుంది. వాళ్లు అడగరు కాబట్టి మీరే చెప్పండి, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లకి ఎవరెవరు ఏం పంపిస్తున్నారో ఒకసారి డబ్బాలు తిప్పి వెనక రాసింది చదవండి. ఎర్ర అక్షరానికి, మనిషికి పొంతన కుదరకపోతే మనిషినే నమ్మి, రిసెప్షన్ దాటి లోపలున్నవాళ్లతో మాట్లాడండి.

ఇది రాస్తుండగా ఆ డబ్బా ఫొటో తీసి పెడదామని వెతికితే షెల్ఫులో లేదు. అమ్మని అడిగా. "నాకొద్దన్నారు కదరా, సగానికి పైనే ఉన్నాయి, పారేస్తే పాపం మీ అక్క బాధపడుతుందని పక్కింటి పిన్నిగారికి ఇచ్చేశా. ఆవిడకీ జుట్టు రాలుతోందట" అంది. పిన్నిగారికీ థైరాయిడే. వచ్చే సోమవారం టెస్టుంది, ఇదే ల్యాబులో, నేనే బుక్ చేశా. రివ్యూ ఇక్కడ ఆపి డబ్బా తెచ్చుకోవడానికి వెళ్తున్నా.